డైవింగ్ సామాను కొనే ముందు దాన్ని విప్పే చేతుల్ని చూడండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కూకట్‌పల్లి. నాకు 31, మావారికి 34. పోయిన జనవరిలో అండమాన్‌లో ఇద్దరం ఓపెన్ వాటర్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. ఇప్పటిదాకా చేసినవి ఒక్కొక్కరం ఆరు డైవ్‌లు. డిసెంబర్‌లో మళ్ళీ వెళ్ళడానికి టికెట్లు కూడా తీసేసుకున్నాం. సొంత సామాను ఉంటే బాగుంటుందని ఒక డైవ్ షాపుని అడిగితే మాస్కు నుంచి సిలిండర్ దాకా ఇద్దరికీ కలిపి 3,20,000 రూపాయల కొటేషన్ ఇచ్చారు. ఈ నెలాఖరులోగా తీసుకుంటే పది శాతం తగ్గిస్తారట. అదే రెగ్యులేటర్ విదేశీ సైట్లో చాలా తక్కువకి కనిపిస్తోంది. ఇంకోటి. మావారి ఆఫీసులో ఒకాయన ఎప్పుడో బయటి దేశం నుంచి తెచ్చుకున్న పాత రెగ్యులేటర్ ఉంటే ఇచ్చారు. పూల్‌లో పెట్టి చూస్తే గాలి దానంతటదే బుసబుసా వచ్చేసింది. వేరే షాపులో ఇస్తే మర్నాడే తిరిగిచ్చి "సర్వీసింగ్ అయిపోయింది, ఇక భయం లేదు" అన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు గాలి కారడం లేదు గానీ పీల్చడం కాస్త బరువుగా ఉందంటున్నారు మావారు. ఆయనకి కళ్ళజోడు, మైనస్ మూడున్నర. ఏది కొనాలి, ఏది వద్దు, ఎవరి మాట నమ్మాలి? ముందు ఏ పని చెయ్యాలి?

సమాధానం: మీ ఉత్తరంలో "ఇంకోటి" అని మధ్యలో రాసిన సంగతే నన్ను కంగారు పెట్టింది. కొటేషన్ డబ్బుకి సంబంధించిన వ్యవహారం, దాన్ని తర్వాత చూద్దాం. ఆ పాత రెగ్యులేటర్‌ని మాత్రం మీవారు డిసెంబర్‌లో నోట్లో పెట్టుకోకూడదు. ఇప్పుడున్న స్థితిలో పూల్‌లో కూడా వద్దు.

ఎందుకంటున్నానో తెలియాలంటే అది చేసే పని తెలియాలి. వంటింట్లో గ్యాస్ సిలిండర్ మీద ఒక రెగ్యులేటర్ ఉంటుంది కదా, సిలిండర్ లోపలి ఒత్తిడిని తగ్గించి పొయ్యికి సరిపడా మాత్రమే వదులుతుంది. డైవింగ్ రెగ్యులేటర్‌దీ అదే పని, కాకపోతే రెండు మెట్లలో చేస్తుంది. నిండు ట్యాంకులో గాలి సుమారు 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు నేల మీద మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి). ట్యాంకుకి బిగించే ఫస్ట్ స్టేజ్ దాన్ని ఒక్కసారిగా దించి, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా గొట్టంలోకి పంపుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ మనం పీల్చినప్పుడు మాత్రమే తెరుచుకుని, ఆ లోతులో మన ఊపిరితిత్తులకి కావలసిన ఒత్తిడికి తెచ్చి ఇస్తుంది. వంటింటి రెగ్యులేటర్‌కి ఒకటే లెక్క. దీనికి లోతు మారిన ప్రతిసారీ లెక్క మారుతుంది. 10 మీటర్లు దిగితే ఒక అట్మాస్ఫియర్, అంటే దాదాపు ఒక బార్ పెరుగుతుంది, మీ సర్టిఫికెట్ అనుమతించే 18 మీటర్ల దగ్గర నేల మీద ఉండే ఒకటి కూడా కలిపి మొత్తం 2.8 అవుతుంది. అక్కడ కూడా ఊపిరి తేలిగ్గా రావాలి. 1943లో ఫ్రెంచ్ నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ కలిసి తయారు చేసిన పరికరానికి మూలం యుద్ధకాలంలో పెట్రోల్ దొరక్క కార్లని గ్యాస్‌తో నడపడానికి గాన్యాన్ మలచిన ఒక వాల్వు. అడిగినప్పుడే, అడిగినంతే ఇవ్వడం దాని సూత్రం. ఇన్నేళ్ళయినా సూత్రం మారలేదు.

ఇప్పుడు మీ రెగ్యులేటర్. గాలి బుసబుసా రావడానికి రెండు రకాల కారణాలుంటాయి. మౌత్‌పీస్ పైకి తిరిగి నీళ్ళలో పడితే బాగున్న రెగ్యులేటర్ కూడా అలాగే గాలి వదులుతుంది. బొటనవేలితో మూసినా, మౌత్‌పీస్‌ని కిందికి తిప్పినా ఆగిపోతుంది. అది జబ్బు కాదు. అలా ఆగకుండా, లేదా ట్యాంకు తెరిచిన కాసేపటికి సన్నగా మొదలై పెరుగుతూ పోతే అనుమానించాల్సింది ఫస్ట్ స్టేజ్‌ని. లోపల అధిక ఒత్తిడిని ఆపే చిన్న సీటు ఒకటి ఉంటుంది. అది అరిగితే గాలి కొద్దికొద్దిగా జారి, గొట్టంలో 9, 10 ఉండాల్సిన ఒత్తిడి 12కీ 14కీ ఎక్కుతుంది. ఆ పెరిగిన ఒత్తిడిని సెకండ్ స్టేజ్ ఆపలేక వదిలేస్తుంది.

సరైన మరమ్మతు ఏమిటంటే ఫస్ట్ స్టేజ్ విప్పి సీటు మార్చడం. దగ్గరి దారి ఇంకోటి ఉంది: సెకండ్ స్టేజ్ స్ప్రింగుని బిగించేయడం. గాలి కారడం ఆగుతుంది, పీల్చడం బరువవుతుంది, అసలు జబ్బు లోపల అలాగే ఉంటుంది. మర్నాడే తిరిగివ్వడం, కాగితం లేకపోవడం, పీల్చడం బరువెక్కడం, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. అదే జరిగిందని నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం లేదు. గేజ్ పెట్టి గొట్టంలో ఒత్తిడి కొలిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ముల్లు ఒకచోట నిలబడిందా, మెల్లగా పైకి పాకుతోందా అని చూడటమే. తిరిగివ్వబోయే ముందు ఆ షాపు చెయ్యాల్సిన పని అది.

ఇంట్లో మీరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ట్యాంకు లేకుండా, ఫస్ట్ స్టేజ్ మీద డస్ట్ క్యాప్ బిగించి, మౌత్‌పీస్‌లోంచి గట్టిగా పీల్చండి. గాలి రాకూడదు. వస్తోందంటే ఎక్కడో డయాఫ్రమ్‌కి, అంటే లోపలి పల్చటి పొరకి చిల్లో, ఊపిరి బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా కూర్చోకపోవడమో ఉంది. గొట్టాలు లోహపు భాగంలోకి దూరే చోట వంచి చూడండి, పగుళ్ళుంటే అక్కడే బయటపడతాయి. డస్ట్ క్యాప్ తీసి ఫస్ట్ స్టేజ్ నోట్లోకి టార్చి వేసి చూస్తే చిన్న ఫిల్టర్ కనిపిస్తుంది. అది వెండి రంగులోనో లేత ఇత్తడి రంగులోనో శుభ్రంగా ఉండాలి. ఆకుపచ్చగా ఉంటే ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి. ఎర్రగా, గోధుమరంగులో ఉంటే తుప్పు పట్టిన స్టీలు ట్యాంకుకి వాడారు. "సర్వీసింగ్ అయిపోయింది" అని ఇచ్చినదాంట్లో పాత, రంగు మారిన ఫిల్టరే ఉంటే ఫస్ట్ స్టేజ్‌కి పూర్తి సర్వీసింగ్ జరగలేదనే అర్థం, ఎందుకంటే పూర్తి సర్వీసింగ్‌లో ఫిల్టర్ మార్చడం తప్పనిసరి. ఇవన్నీ బాగున్నా రెగ్యులేటర్ బాగున్నట్టు కాదు. బాగాలేవంటే మాత్రం ఖచ్చితంగా బాగాలేనట్టే.

నేను ఈ విషయంలో ఇంత పట్టుదలగా ఉండటానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం ట్రిప్పుకి పది రోజుల ముందు నా రెగ్యులేటర్‌ని ఒక షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చాను. విమానం ఎక్కే ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. పరీక్షించే టైము లేదు. బాగా తెలిసిన షాపు, కాబట్టి బ్యాగులో పెట్టేసుకున్నాను. మొదటి డైవ్‌లో ఏడెనిమిది మీటర్ల దగ్గర ప్రతి ఊపిరితోనూ నీళ్ళు రావడం మొదలైంది. దగ్గొస్తోంది, దగ్గితే ఇంకా నీళ్ళు. ఆక్టోపస్‌కి, అంటే అదనంగా ఉండే రెండో మౌత్‌పీస్‌కి మారి, బడ్డీకి, అంటే జతగా దిగినవారికి సైగ చేసి, నెమ్మదిగా ఇద్దరం పైకొచ్చేశాం. పడవ మీద విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు, అంటే మన ఊపిరి బయటికి పోయే ఆ పల్చటి సిలికాన్ రెక్క, అంచు మడతపడి ఉంది. బిగించినవాళ్ళు ఒక్కసారి నీళ్ళలో ముంచి చూసినా తెలిసేది. తిరిగొచ్చాక షాపుకెళ్ళి "దీన్ని విప్పింది ఎవరు?" అని అడిగాను. కౌంటర్ దగ్గరున్న ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. నాకు కోపం తెప్పించింది మడతపడిన వాల్వు కాదు, ఆ మౌనం. నీళ్ళ కింద నేను పీల్చే గాలికి బాధ్యత ఎవరిదో పేరు లేదు.

అప్పటినుంచి ఏ డైవ్ షాపుకెళ్ళినా, ఏది కొనాలన్నా, ధర అడిగే ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను. మీరూ అదే చెయ్యండి. "ఇది పాడైతే ఎవరు విప్పుతారు? వాళ్ళు ఏ కంపెనీ దగ్గర ట్రైనింగ్ తీసుకున్నారు? ఇక్కడే చేస్తారా, వేరే ఊరికి పంపుతారా? ఎన్ని రోజులు పడుతుంది?" కంపెనీలు టెక్నీషియన్లకి మోడల్ వారీగా శిక్షణ ఇస్తాయి, విడిభాగాల కిట్‌ని కూడా ఎక్కువగా తమ డీలర్లకే అమ్ముతాయి. ఒక బ్రాండు మీద చెయ్యి తిరిగినవారికి ఇంకో బ్రాండు తెలియాలని లేదు. వేరే ఊరికి పంపుతామంటే అది తప్పేం కాదు, నిజం చెప్పినందుకు నేను సంతోషిస్తాను. పనిచేసే బల్ల చూపించమని కూడా అడగండి. బల్ల ఉన్నవాళ్ళు ముచ్చటగా చూపిస్తారు. గాజు అలమరాలో వరసగా పేర్చిన కొత్త సామాను కంటే ఆ బల్ల మీద ప్రెషర్ గేజ్, పార్ట్స్ కిట్లు, విప్పి ట్రేలో వరసగా పెట్టిన ఎవరిదో రెగ్యులేటర్, ఇవే ఆ షాపు గురించి ఎక్కువ చెప్తాయి.

ఇది అందరు డైవర్లకీ వర్తించేదే అయినా మన హైదరాబాద్ వాళ్ళకి ఎక్కువ వర్తిస్తుంది. సముద్రం పక్కనున్నవాళ్ళు పొద్దున డైవ్‌లో తేడా కనిపిస్తే మధ్యాహ్నానికి షాపులో ఉంటారు. మనకి విశాఖ రుషికొండకి వెళ్ళాలన్నా 600 కిలోమీటర్ల పైన. మన సామాను ఏడాదిలో ఒక వారం సముద్రంలో, మిగతా యాభై ఒక్క వారాలూ అలమరాలో ఉంటుంది. వాడకపోతే పాడవదు అనుకుంటాం గానీ రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. అందుకే కంపెనీలు సర్వీసింగ్ గడువుని డైవ్‌ల లెక్కలోనూ, కాలం లెక్కలోనూ రెండు విధాలా చెప్తాయి. బ్రాండుని బట్టి ఏడాదికో రెండేళ్ళకో, లేదా దాదాపు వంద డైవ్‌లకో, ఏది ముందొస్తే అది. ఏడాదికి ఎనిమిది డైవ్‌లు చేసేవాళ్ళకి వంద ఎప్పుడూ రాదు, క్యాలెండరే ముందొస్తుంది. అంటే ఎనిమిది డైవ్‌ల కోసం మీరు పూర్తి సర్వీసింగ్ ఖర్చు పెట్టుకుంటారు.

కాబట్టి మీ కొటేషన్‌లోంచి రెగ్యులేటర్లు రెండూ, బీసీడీలు (గాలి నింపి, వదిలి నీళ్ళలో తేలడం సరిచేసుకునే జాకెట్లు) రెండూ ప్రస్తుతానికి కొట్టెయ్యండి. అండమాన్‌లో చాలా డైవ్ సెంటర్లు డైవ్ ధరలోనే ఇవి ఇచ్చేస్తాయి. పాతిక ముప్పై డైవ్‌లయ్యాక మీకే తెలుస్తుంది జాకెట్ రకం బీసీడీ నచ్చిందో, వీపు వెనక గాలి నిండేది నచ్చిందో. ఆరు డైవ్‌లకి ఎవరికీ తెలియదు, నాకూ తెలియలేదు.

సిలిండర్లని మరో ఆలోచన లేకుండా కొట్టెయ్యండి. మామూలుగా వాడే పదకొండు లీటర్ల అల్యూమినియం ట్యాంకు ఖాళీగానే 14 కిలోలుంటుంది. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా ఇచ్చే 15 కిలోల చెక్-ఇన్ దానికే సరి. గాలి నింపడం ఇంకో తలనొప్పి. ఊపిరికి పనికొచ్చే గాలి ప్రత్యేకమైన ఫిల్టర్లున్న కంప్రెసర్‌తోనే రావాలి, వీధి చివర పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కుదిరే పని కాదు. అధిక ఒత్తిడి సిలిండర్లకి మన దేశంలో 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాలు, నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) అనుమతులు, గడువు ప్రకారం ఒత్తిడి పరీక్షలు ఉంటాయి. ఏడాదికొకసారి సముద్రానికి వెళ్ళే ఇద్దరు కొత్త డైవర్లకి సిలిండర్ రాసిచ్చిన షాపు మీ అవసరం ఏమిటో అడగలేదన్నమాట. మిగతా కొటేషన్‌ని కూడా ఆ దృష్టితోనే చూడండి.

అలాగని షాపువాళ్ళందరినీ దొంగల్లా చూడొద్దని నా మనవి. కోర్సుల మీద మిగిలేది తక్కువ, సామాను మీద మిగిలేది ఎక్కువ. షాపు నడవాలంటే అమ్మాలి. మంచి షాపులు మూతపడితే సర్వీసింగ్ చేసే బల్లలు కూడా పోతాయి, అప్పుడు నష్టం మనకే. అందుకే నాకు నచ్చిన షాపులో రెండు మూడు వేలు ఎక్కువైనా ఇచ్చి కొంటాను. మంచి షాపుని ఎలా గుర్తుపట్టాలంటే, వాళ్ళు చూపించే ముందు అడుగుతారు. ఎన్ని డైవ్‌లు చేశారు, ఎక్కడ చేస్తారు, పడవ మీంచా ఒడ్డు నుంచా, కళ్ళజోడుందా, ఏడాదికి ఎన్నిసార్లు. ఒక్కోసారి "ఇది మీకిప్పుడు అవసరం లేదు" అంటారు. ఆ మాట అన్న షాపుని వదులుకోకండి. నెలాఖరు పది శాతం గురించి కంగారు వద్దు. అవసరం లేని వస్తువు మీద పది శాతం తగ్గితే తొంభై శాతం నష్టమే.

ఇక కొనాల్సినవి. మొదటిది మాస్కు. ఇక్కడ డబ్బు మిగిల్చుకోవాలని చూడకండి, ఎక్కువ ధరదే మంచిదనీ అనుకోకండి. చెప్పులు కొన్నట్టే, మీ ముఖానికి సరిపోయిందే మంచిది. అందుకే దీన్ని చూడకుండా ఆన్‌లైన్‌లో కొనొద్దు. తాడు వేసుకోకుండా మాస్కుని ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి లోపలికి తీసుకుని చేతులు వదిలెయ్యండి. ఊపిరి బిగబట్టినంతసేపు మాస్కు పడకుండా నిలబడాలి. ఎక్కడో సన్నగా గాలి దూరుతున్నట్టుంటే ఆ మోడల్ మీది కాదు, షాపాయన "తాడు బిగిస్తే సరిపోతుంది" అన్నా సరే. తర్వాత రెగ్యులేటర్ మౌత్‌పీస్ ఒకటి నోట్లో పెట్టుకుని మళ్ళీ చూడండి, ఎందుకంటే నోరు తెరిస్తే బుగ్గల ఆకారం మారుతుంది. ఈ రెండో పరీక్ష చాలామంది చెయ్యరు. నవ్వి కూడా చూడండి. చేప కనిపిస్తే నవ్వొస్తుంది, నవ్వగానే నీళ్ళొస్తాయి.

మీకు పొడవాటి జుట్టుంటే జడ వేసుకుని, నుదుటి మీది వెంట్రుకలు ఒక్కటీ సిలికాన్ అంచు కింద లేకుండా వెనక్కి తీసుకోండి. ఒక్క వెంట్రుక చాలు, నీళ్ళు దారి చూసుకుంటాయి. తాడుకి నియోప్రిన్ తొడుగు వేయించుకుంటే తీసేటప్పుడు జుట్టు ఊడిరాదు. మీవారికి మీసం ఉంటే మాస్కు కింద అంచు ఆనే చోట, ముక్కుకి సరిగ్గా కింద, సన్నని గీతలా తీసేసుకుంటే సరిపోతుంది, మీసం మొత్తం తియ్యక్కర్లేదు.

ఆయన కళ్ళజోడు సంగతి. మాస్కులో కళ్ళజోడు పట్టదు, కాడలు అంచుని ఎత్తేస్తాయి. రెండు అద్దాలు విడివిడిగా ఉండి, అద్దాలు మార్చుకోవడానికి వీలున్న మోడల్ తీసుకోమనండి. అలాంటి మోడళ్ళకి పవర్ అద్దాలు అర పాయింటు తేడాతో రెడీగా దొరుకుతాయి, మైనస్ మూడున్నర మామూలుగా ఉండే పవరే. నీళ్ళలో వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దగా, కాస్త దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి రెండు కళ్ళకీ అచ్చంగా అదే పవర్ దొరక్కపోయినా కొంచెం తక్కువది సరిపోతుంది. ఆయన చీటీలో సిలిండర్ పవర్ (సీవైఎల్ అని రాసేది, ఆస్టిగ్మాటిజమ్‌కి) కూడా ఎక్కువగా ఉంటే మాత్రం రెడీమేడ్ అద్దాలు చాలవు. అప్పుడు కళ్ళ డాక్టరుని అడిగి మెత్తటి కాంటాక్ట్ లెన్సుల సంగతి చూడండి. మాస్కులోకి వచ్చిన నీళ్ళు ఊదేటప్పుడు కళ్ళు మూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇంకో హెచ్చరిక. డెకాథ్లాన్‌లో ముఖమంతా కప్పే మాస్కు ఒకటి చూసి ఉంటారు. అది నీళ్ళ మీద తేలుతూ స్నార్కెలింగ్ చెయ్యడానికి. దాంతో డైవ్ చెయ్యకూడదు, రెగ్యులేటర్ పెట్టుకునే వీలే లేదు. ఈత గాగుల్స్ కూడా అంతే, ముక్కు బయట ఉంటే లోపలి ఒత్తిడి సరిచేసుకోలేం, కళ్ళలో రక్తం చిమ్ముతుంది.

కొత్త మాస్కు అద్దానికి లోపల తయారీలో పట్టిన సిలికాన్ పొర ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు రుద్ది కడగండి, లేకపోతే మంచుపట్టి ఏమీ కనిపించదు. తర్వాత ప్రతి డైవ్ ముందు పిల్లల షాంపూ ఒక చుక్క.

ఫిన్స్, అంటే ఈదడానికి కాళ్ళకి తొడుక్కునే రెక్కలు, మాస్కుతో పాటే కొనుక్కోవచ్చు. అండమాన్ నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఎక్కువ పడవ మీంచే దూకుతారు కాబట్టి పాదమంతా కప్పే రకం చాలు. రాళ్ళున్న ఒడ్డు నుంచి నడిచి దిగే ఆలోచనుంటే బూటీలతో వేసుకునేది. వెట్‌సూట్ మీ ఇష్టం. నీళ్ళు ఒంట్లో వేడిని గాలికంటే సుమారు పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి కాబట్టి చలి పడనివాళ్ళకి 3 మిల్లీమీటర్లది ఉపయోగమే.

రెండో అసలు కొనుగోలు డైవ్ కంప్యూటర్. ఎంత లోతులో ఎంతసేపు ఉన్నారో, ఇంకెంతసేపు ఉండొచ్చో, ఎంత వేగంగా పైకొస్తున్నారో చెప్పేది ఇదే, అందువల్ల ఇద్దరికీ చెరొకటి ఉండాలి. ఒకరి చేతికి కట్టుకుని ఇద్దరూ చూసుకుంటామంటే కుదరదు. మీ ఇద్దరూ ఒకే లోతులో ఉండరు. ఖరీదైనది అక్కర్లేదు. అంకెలు పెద్దగా కనిపించాలి, బ్యాటరీ మీరే మార్చుకోగలగాలి లేదా ఛార్జింగ్ ఉండాలి. బ్యాటరీ కోసం కంపెనీకి పంపాల్సిన మోడల్ మన ఊరివాళ్ళకి పనికిరాదు. తిరుగు ప్రయాణంలో, విమానం ఎక్కే ముందు ఎంతసేపు ఆగాలో చూసుకోవడానికి కూడా అది మీకు తోడు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్క డైవే చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, వరసగా చాలా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. విమానం లోపల ఒత్తిడి కొండెక్కినంత తగ్గుతుంది, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. నేనైతే చివరి రోజంతా ఖాళీ ఉంచుకుంటాను. మీ తిరుగు టికెట్ ఏ టైముకో ఇప్పుడే ఒకసారి చూసుకోండి.

విదేశీ సైట్లో తక్కువ ధర గురించి. అక్కడ కనిపించే ధరకి కస్టమ్స్ సుంకం, పంపే ఖర్చు కలపాలి. వారంటీ సాధారణంగా కంపెనీ గుర్తించిన డీలరు దగ్గర కొంటేనే, ఆ ప్రాంతంలోనే చెల్లుతుంది. రెగ్యులేటర్‌కి ట్యాంకుని పట్టుకునే పద్ధతులు రెండున్నాయి, పైనుంచి పట్టు బిగించే యోక్, స్క్రూలా తిప్పి బిగించే డిన్. మీరు వెళ్ళే చోట ఏవి వాడతారో కనుక్కోకుండా కొంటే అక్కడ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దాని సర్వీస్ కిట్ ఈ దేశంలో దొరుకుతుందా? దొరకకపోతే రెండేళ్ళ తర్వాత అది షోకేసులోకి వెళ్ళే వస్తువు.

కిట్ దొరకకపోతే ఏముంది, ఓ-రింగులే (గాలి కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగులు) కదా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఏ సైజు కావాలన్నా దొరుకుతుంది అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. రాణీగంజ్ మీద నాకూ గౌరవమే. కానీ చూడటానికి ఒకేలా ఉన్న రెండు నల్ల రింగుల్లో ఒకటి నైట్రైల్ కావచ్చు, ఇంకోటి వేరే రబ్బరు కావచ్చు, గట్టిదనం వేరు కావచ్చు. 200 బార్ దగ్గర ఆ తేడా బయటపడుతుంది. టార్చికో కెమెరా డబ్బాకో అయితే ప్రయోగం చెయ్యండి, పోతే కెమెరా పోతుంది. రెగ్యులేటర్‌కి వద్దు. దాని మీద ఇంట్లో ఉన్న నూనెలూ, తుప్పు వదిలించే స్ప్రేలూ కూడా ఎప్పుడూ కొట్టకండి.

ఏ వస్తువు కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకోండి, దాని మీద సీరియల్ నంబర్ రాయించండి. దిగుమతి వస్తువు పెట్టె మీద దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, అడ్రసు, ఎమ్మార్పీ ఉండాలన్నది చట్టం. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు మాత్రం ఇంకొంచెం గట్టిగా ఉండండి. ఇచ్చే ముందు ఫోటో తీసుకోండి. తీసుకునేటప్పుడు మార్చిన పాత భాగాలు కవర్లో పెట్టి ఇమ్మనండి. ఏమేం మార్చారు, గొట్టంలో ఒత్తిడి ఎంత పెట్టారు, తేదీ, చేసినవారి పేరు, సంతకం కాగితం మీద ఉండాలి. మంచి టెక్నీషియన్ ఇవి అడగకుండానే ఇస్తారు. కాగితం ఇవ్వకుండా డబ్బు తీసుకున్న షాపుకి ముందు రాతపూర్వకంగా అడగండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 చట్టం ప్రకారం షాపు ఏ ఊళ్ళో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు.

అండమాన్‌లో అద్దె సామాను ఇచ్చినప్పుడు కూడా మొహమాటం వద్దు. ట్యాంకు పూర్తిగా తెరిచి, గేజ్ వైపు చూస్తూ నాలుగైదు ఊపిర్లు పీల్చండి. ముల్లు ఊగిసలాడితే వాల్వు సగమే తెరిచి ఉంది. ఆక్టోపస్‌లోంచి కూడా పీల్చండి, దాన్ని ఎవరూ చూడరు, అవసరం వచ్చినప్పుడే గుర్తొస్తుంది. బీసీడీలో గాలి నింపి ఐదు పది నిమిషాలు పక్కన పెట్టండి, మెత్తబడకూడదు. గాలి నింపే బటన్ నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి. ఉప్పు పేరుకుంటే అది ఇరుక్కుపోయి, గాలి నిండుతూనే ఉండి మిమ్మల్ని పైకి లాక్కుపోతుంది. "చివరి సర్వీసింగ్ ఎప్పుడు?" అని అడగండి. తేదీ చెప్పగలిగిన సెంటర్‌లో నేను ధైర్యంగా దిగుతాను.

తిరిగొచ్చాక మీ మాస్కులు, ఫిన్స్, కంప్యూటర్లు కడగడానికి బోరు నీళ్ళు వాడకండి. కూకట్‌పల్లి వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు ఎంత గట్టివో మీ గీజరే చెప్తుంది. ఉప్పు పోయి సున్నం పడుతుంది. నల్లా నీళ్ళు వచ్చినప్పుడు బకెట్ నిండా పట్టి, కాసేపు నానబెట్టి, నీడలో ఆరబెట్టండి. ఎండాకాలం కారు డిక్కీలో వదిలెయ్యకండి.

ఈ ఆదివారం ఏం చెయ్యాలంటారా? మీవారి పవర్ చీటీ తీసుకుని ఇద్దరూ కొటేషన్ ఇచ్చిన షాపుకే వెళ్ళండి. రెండు మాస్కులు, రెండు జతల ఫిన్స్, రెండు కంప్యూటర్లకి మాత్రమే కొత్త ధర అడగండి. అక్కడే "రెగ్యులేటర్లు ఎవరు విప్పుతారు?" అని అడిగి, జవాబు నచ్చితే ఆ పాతదాన్ని వాళ్ళ బల్ల మీద పెట్టి గేజ్‌తో ఒత్తిడి కొలిచి చూపించమనండి. ఆ మోడల్‌కి కిట్ దొరికి, పూర్తి సర్వీసింగ్ జరిగి, కాగితం చేతికొచ్చి, ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా పూల్‌లో గంటసేపు పీల్చి చూశాకే దాని గురించి మళ్ళీ ఆలోచించండి. కిట్ దొరకదంటే ఇచ్చినాయనకి విషయం చెప్పి తిరిగిచ్చెయ్యండి, తెలియక ఆయన వాడతారేమో.